తిరుమల్ కంప్యూటరు, బాలమ్మ పేపరు

చిలకలగూడలో తిరుమల్‌ని ఎరిగినవాళ్ళకి ఆయన అభిప్రాయాలు కూడా ఎరుకే. చాయ్ గాజు గ్లాసులోనే తాగాలి. ఫోనన్నాక బటన్లుండాలి, నున్నటి అద్దం మీద వేలు జారించేది ఫోను కాదు. మూడోది అన్నిటికన్నా గట్టిది: పట్టాల పక్కన గోడలు లేచాక జనానికి బుద్ధొచ్చింది, అడ్డంగా పట్టాలు దాటి రైలు కింద పడేవాళ్ళు ఈ మధ్య దాదాపు లేరు. ఈ మాట ఇంకెవరి దగ్గరన్నా చెల్లిపోయేదేమో గానీ, ఆయన రిటైరైన రైలు గార్డు జీవరాజు దగ్గర కూడా అనేవాడు. జీవరాజు పక్క వాటాలోనే ఉంటాడు, ఆదివారం చాయ్‌కి వస్తాడు.

"నిజంగనేనా తిరుమల్?" అనేవాడు జీవరాజు.

"పేపర్ల ఎన్నడన్న వస్తున్నదా? నువ్వే చెప్పు. నేను దినాం వింటున్న గద."

జీవరాజు చాయ్ తెచ్చిన తిరుమల్ భార్య బాలమ్మ మొహం వైపు ఒకసారి చూసి, గ్లాసు అందుకుని ఊరుకునేవాడు.

తిరుమల్‌కి నాలుగేళ్ళప్పుడు అమ్మవారు పోసి చూపు పోయింది. రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే మెళ్ళో దండ వేయించుకుని బయటికొచ్చాడు. బోర్డు ముందు కూర్చున్నంత కాలం ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆయన చేతి మీదుగానే మాట్లాడేవారు. లాలాగూడ క్వార్టరు ఖాళీ చేసి ఈ మేడ మీది వాటాలోకి మారాక చేతి మీదుగా జరిగేదేమీ మిగల్లేదు. బ్యాంకు పని కాప్రాలో ఉండే కూతురు సృజన చూస్తుంది. అద్దె, కరెంటు, కూరగాయలు భార్య బాలమ్మ చూస్తుంది. ఆమె ముందు గదిలో మిషను పెట్టుకుని చీరలకి ఫాల్సు కుడుతుంది, పీకో చేస్తుంది. పొద్దున్నే ఉప్మానో అటుకులో ఇద్దరి ప్లేట్లలో పెట్టి, చాయ్ గుక్క గుక్కగా తాగుతూ ఆయనకి తెలుగు పేపరు చదివి వినిపించేది కూడా ఆమే. ఆ పని పెళ్ళైన కొత్తలో మొదలైంది.

తిరుమల్‌కి తనదంటూ మిగిలింది కంప్యూటరు ఒక్కటే. ఉద్యోగంలో ఉన్నప్పుడు ట్రైనింగు తీసుకుని కొనుక్కున్నాడు. తెర మీదున్నదాన్ని ఇంగ్లీషులో చదివి చెప్పే ఒక గొంతు అందులో ఉండేది. తెలుగు అక్షరం ఎదురైతే ఆ గొంతు మూగబోయేది. అయినా అదంటే ఆయనకి ప్రాణం. తనే తెరుస్తాడు, తనే మూస్తాడు, పాత స్నేహితులకి మెయిళ్ళు రాస్తాడు, మధ్యలో ఎవరినీ పిలవనక్కర్లేదు.

ఆ కంప్యూటరు ముసలిదైంది. ఒక మాట చెప్పి, రెండో మాటకి ఆయాసపడుతోంది. పైగా దానిలోని పాత సిస్టంకి ఇక అప్‌డేట్లు రావని కబురొచ్చింది. ఆ వారం సృజనని దింపడానికి వచ్చిన అల్లుడు యుగంధర్ సంగతి విని, "గీ డబ్బా తీసి పడేద్దాం మామా. కొత్త ల్యాప్‌టాప్ తెస్త, అన్నీ నేనే సెట్ చేసి పెడ్త. నువ్వు ఊకె కూసో" అన్నాడు.

అల్లుడు మంచివాడే, మాట కూడా ప్రేమగానే అన్నాడు. కానీ రిటైరైన దగ్గర్నించి తిరుమల్ చెవిన పడుతున్నది ఆ ఒక్క మాటే. రోడ్డు దాటేటప్పుడు, బ్యాంకులో, పెళ్ళిళ్ళలో, ఆస్పత్రిలో, అందరూ ఆయన్ని కూర్చోమనేవాళ్ళే. ఆ పూట ఆయనకి ఒళ్ళు మండింది.

"ఏమొద్దు అల్లుడూ. దాంట్ల కొత్త సిస్టం నేనే ఎక్కించుకుంట. ఎవరి కండ్లు నాకు అక్కర లేదు."

యుగంధర్ ఏదో అనబోతే బాలమ్మ అడ్డుపడింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు బిడ్డా? చేసుకోనీ."

కొత్త సిస్టం ఆలోచన స్నేహితుడు సత్యదేవ్‌ది. సత్యదేవ్‌కీ చూపు లేదు. ఒక అంధుల బళ్ళో కంప్యూటరు పాఠాలు చెబుతాడు, కోస్తా మనిషి. లినక్స్ అని ఒక సిస్టం ఉందనీ, అది ఊరికే వస్తుందనీ, పాత కంప్యూటర్ల మీద కూడా చకచకా నడుస్తుందనీ చెప్పి, ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి పంపించాడు.

"ముందే పాతది చెరిపెయ్యకండి తిరుమల్ గారూ. పెన్‌డ్రైవ్ మీదే నడిపి చూడండి. నచ్చితే ఎక్కించుకోండి, నచ్చకపోతే పీకెయ్యండి, మీ పాతది మీకుంటుంది" అన్నాడు ఫోన్లో. "ఒక్కటే ఇబ్బందండి. మొదట్లో ఎఫ్ పన్నెండు బటన్ నొక్కితే ఒక లిస్టు వస్తుంది. అందులో పెన్‌డ్రైవ్ ఎంచుకోవాలి. ఆ లిస్టు మాత్రం మాట్లాడదు. అప్పటికింకా దానికి గొంతు రాదు కదా. నేనైతే మా వాచ్‌మన్‌ని పిలుస్తానండి."

తిరుమల్ వాచ్‌మన్‌ని పిలిచే రకం కాదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక తలుపు దగ్గరికి వేసుకుని కూర్చున్నాడు. బటన్ నొక్కాడు, కింది బాణం గుర్తు నొక్కాడు, ఎంటర్ కొట్టాడు. పాత గొంతే పలికింది. మళ్ళీ ఆపి, ఈసారి బాణం రెండుసార్లు నొక్కాడు. ఏ గొంతూ పలకలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది, అంతే. బతికుందో చచ్చిందో తెలియదు. ఏ ప్రశ్న అడిగి జవాబు కోసం ఎదురుచూస్తోందో తెలియదు. చదవేస్తే ఉన్న మతి పోయినట్టు, పాతదీ పోయిందా అని భయపడ్డాడు. కరెంటు తీగ పీకి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

ముందు గదిలో మిషను చప్పుడు ఆగింది. ఆయన పిలవలేదు, ఆమే వచ్చింది.

"ఏమైంది?"

"ఏం కాలే."

"ఏం కాకుంటె గిట్లెందుకు కూసున్నవ్?"

తిరుమల్ కరెంటు తీగ మళ్ళీ గుచ్చాడు. తర్వాత సంగతి చెప్పాడు.

"నాకు ఇంగ్లీష్ యాడొస్తది? ఏడో క్లాసు చదివిన, అది సుత తెలుగుల" అంది బాలమ్మ.

"అచ్చరాలు ఎరుకే గద."

"పెద్దయి ఎరుకే. చీరల మూటల మీద ఉంటయి. చిన్నయి కొన్ని గుర్తుపడ్త, కొన్ని పట్ట."

ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని పక్కన కుర్చీ వేసుకుంది. ఆయన బటన్ నొక్కాడు. "వచ్చింది. నల్లగున్నది. నాలుగు వరుసలు. పై వరుస మీద నీలం పట్టీ ఉన్నది. అది చాంతాడంత ఉన్నది, అన్నీ చిన్నచ్చరాలే. ఒకటి గుండ్రంగ ఉండి తోక కిందికి దిగింది."

"అది వదిలెయ్. పెద్దచ్చరాలు యాడున్నయ్?"

"ఆఖరు వరుసల. యు... ఎస్... బి."

"అదే. నీలం పట్టీ దాని మీదికి వచ్చినప్పుడు చెప్పు."

"ఇంకోటి దించు. ఆ, వచ్చింది. ఆపు."

ఎంటర్ కొట్టాడు. ఇద్దరూ ఎదురుచూశారు. కాసేపటికి బాలమ్మ, తెర మీద ఏదో రంగురంగుల బొమ్మ వచ్చిందని చెప్పింది. గొంతు తెప్పించడానికి సత్యదేవ్ చెప్పిన మూడు బటన్లూ తిరుమల్ ఒకేసారి అదిమిపట్టాడు. స్పీకర్లోంచి ఒక గొంతు ఇంగ్లీషులో, తెర చదవడం మొదలైంది అని చెప్పింది. తిరుమల్ రెండు చేతులూ బల్ల మీద చరిచి నవ్వాడు. బాలమ్మ వెళ్ళి మళ్ళీ మిషను మీద కూర్చుంది, చీర తీసుకెళ్ళడానికి మనిషి వచ్చే వేళైంది.

తర్వాతదంతా ఆయన ఒక్కడే చేసుకున్నాడు. కొన్నాళ్ళు పెన్‌డ్రైవ్ మీదే నడిపి చూశాడు. తన ఫైళ్ళన్నీ వేరే చోట దాచి, ఒక మధ్యాహ్నం పాతదాన్ని చెరిపెయ్యమంటావా అని అది అడిగితే, ఒక నిమిషం ఆగి, చెరిపెయ్ అని చెప్పాడు. ఆ మాట చెప్పింది తనే అయినందుకు ఆయనకి చాలా సంతోషం కలిగింది. సత్యదేవ్‌కి ఫోన్ చేసి ఆ సంతోషం దాచుకోకుండా చెప్పాడు.

ఇక దాన్ని తన ఇష్టానికి తిప్పుకోవడం షురూ చేశాడు. తెర మీద కిటికీలు ఎగరడం, కరిగిపోవడం లాంటి సోకులన్నీ తీసేశాడు. మెయిల్ తెరవడానికి ఒక బటన్, రేడియోకి ఒక బటన్ పెట్టుకున్నాడు. గొంతు వేగం పెంచితే బాలమ్మ, "ఏందది, తాలింపుల ఆవాలు చిటపటలాడినట్టు?" అంది. తెర వెనక బొమ్మ మాత్రం ఆమె మార్పించింది. ఆయన ఒక్కొక్క బొమ్మే మారుస్తూ పోతే, ఆమె వద్దు వద్దు అంటూ వచ్చి, నీళ్ళున్న బొమ్మ దగ్గర ఆపింది.

"ఇది ఉంచు. కాప్రా చెరువు లెక్కున్నది."

"నాకు కనపడేదుందా, ఏమన్ననా?"

"నువ్వు దాని ముంగట కూసుంటె నేను చూసేది అదే గద."

గొంతు విషయంలో ఆ యంత్రం ఆయన్ని చాలా ప్రశ్నలడిగింది. టూకీగా చెప్పాలా, వివరంగా చెప్పాలా? కామాలూ చుక్కలూ కూడా పలకాలా, కొన్నే పలకాలా, అసలొద్దా? ఇన్నాళ్ళకి తనని అడిగి చేసేది ఒకటి దొరికిందని తిరుమల్ మురిసిపోయి, అన్నీ పలుకు, అంతా చెప్పు అని పెట్టాడు. ఒక మెయిల్ తెరిస్తే అది ప్రతి కామానీ, చుక్కనీ, బ్రాకెట్నీ పేరు పెట్టి పిలిచింది. నవ్వుకుని కొంచెం తగ్గించాడు.

అలా సెట్టింగులు వెతుకుతుండగానే గొంతుల లిస్టులో భాషల పేర్లు వచ్చాయి. తమిళం తర్వాత తెలుగు అంది. తిరుమల్ చెయ్యి ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం బాలమ్మ కుట్టిన చీరలు ఇచ్చి రావడానికి వెళ్ళింది. ఆయన తెలుగు గొంతు పెట్టుకుని, వాళ్ళింటికి వచ్చే పేపరు వెబ్‌సైటే తెరిచాడు. అది ఇనుప గొంతు, ఒత్తుల దగ్గర తడబడుతోంది. అయినా తెలుగే. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, పక్కన ఎవరూ లేకుండా, తిరుమల్ తెలుగు పేపరు చదువుతున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సిటీ వార్తల్లోకి వెళ్ళాడు. నీళ్ళ సప్లై బంద్. రోడ్డు వెడల్పు చేస్తారట. పట్టాలు దాటుతున్న ఒకతన్ని రైలు ఢీకొట్టింది, అక్కడికక్కడే చనిపోయాడు. అయ్యో అనుకున్నాడు. కిందికి వెళితే మరొకటి, ఇంకో స్టేషను దగ్గర. ఇవాళ రోజు బాలేదనుకున్నాడు. నిన్నటి వార్తలు తెరిచాడు. అక్కడా ఒకటుంది. నిన్న పొద్దున బాలమ్మ చదివిన పేపరే కదా అది, చదివిన వార్తలన్నీ ఉన్నాయి, చదవనిది ఇదొక్కటే. అంతకుముందు రోజుది తెరిచాడు. దానికి ముందుది తెరిచాడు. గోడలు కట్టారు నిజమే, గోడలకి కంతలు కూడా పెట్టుకున్నారు జనం.

ఇనుప గొంతు ఆపేసి కూర్చున్నాడు. పొద్దుటి పూటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. సిటీ పేజీ దగ్గర బాలమ్మ గొంతు ఒక్క క్షణం ఆగేది, చాయ్ గుక్క చప్పుడు వినిపించేది, తర్వాత ఏ కూరగాయల ధరల్లోకో వెళ్ళిపోయేది. వేడి చాయ్ అంటే ఆమెకి ఇష్టమని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. జీవరాజు మౌనం కూడా గుర్తొచ్చింది. ముందు సిగ్గేసింది, ఎంతమంది ముందు ఎంత గొప్పగా చెప్పాడో తలుచుకుని. సిగ్గు వెనకే కోపం వచ్చింది. అల్లుడు నయం, కూర్చోమని మొహం మీదే చెప్పాడు. ఈమె చెప్పకుండానే కూర్చోబెట్టింది.

బాలమ్మ వచ్చి కాళ్ళు కడుక్కుని మిషను ముందు కూర్చుంది. తిరుమల్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"పొద్దుగాల పేపర్ల ఏమేం వదిలేస్తవ్ బాలమ్మా?"

"సినిమాలు వదిలేస్త. షేర్లు వదిలేస్త."

"పట్టాల ముచ్చట్లు?"

కత్తెర చప్పుడు ఆగింది. ఆమె బొంకలేదు. "అయి సుత వదిలేస్త."

"ఎప్పటిసంది?"

"సృజన బళ్ళె పడ్డప్పటిసంది" అంది బాలమ్మ. "డ్యూటీల అసొంటి ఫోను వచ్చిన దినం నువ్వు ఇంటికొచ్చి ఏం జేసేటోడివో యాదున్నదా? స్టేషన్ మాస్టర్ ఏమన్నడు, పోలీసులేమన్నరు, ఆస్పత్రోళ్ళేమన్నరు, అన్నీ నీ చెవులకెల్లె పోయేటియి. అన్నం కలిపి, ముద్దలు జేసి, ప్లేటు అంచుకు పెట్టి లేచేటోడివి. తెల్లారి అదే ముచ్చట పేపర్ల వచ్చేది. నేను చదివితె మళ్ళ ఉపాసం. ఒక్క చావుకు రెండుసార్లు ఎందుకని ఒకపాలి దాటేసిన. ఆ దినం తిన్నవ్. ఇగ అట్లనే దాటేసుకుంట వచ్చిన."

"రిటైర్ అయినంకనన్న చదవాలె గద."

"అప్పుడు చదివితె, ఇన్నేండ్లు ఎందుకు చదవలేదని అడుగుతవ్ గద."

దానికి తిరుమల్‌కి నవ్వొచ్చేదే, ఇంకో రోజైతే. "ఆ మిషిన్ సుత ఎంత చదవాలెనో నన్ను అడిగింది. నువ్వు అడగలే" అన్నాడు.

బాలమ్మ కత్తెర కింద పెట్టింది. ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. "మంచిది. ఇగ అదే చదువుతది. నా గొంతుకు రెస్టు" అని చీర దగ్గరికి లాక్కుంది.

మర్నాడు పొద్దున ఉప్మా వచ్చింది, చాయ్ వచ్చింది, పేపరు రాలేదు. ముందు గదిలో మిషను నడుస్తోంది. తిరుమల్ పంతానికి పోయి కంప్యూటరు పెట్టుకుని ఇనుప గొంతు విన్నాడు. అది నీళ్ళ బంద్‌నీ, మంత్రి పర్యటననీ, రైలు కింద పడ్డ మనిషినీ ఒకే వరసలో చదివేసింది. ఎక్కడా ఆగలేదు. ఆ మనిషి వయసు విన్న తర్వాత తిరుమల్‌కి ఉప్మా ముద్ద ఎత్తబుద్ధి కాలేదు. ప్లేటు తీయడానికి బాలమ్మ వచ్చింది. చేతిలోకి తీసుకున్నాక, ఆ బరువుకి కాబోలు, అక్కడే నిలబడిపోయింది. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది. ఏదో ఒకటి అంటే బాగుండేదని తిరుమల్ అనుకున్నాడు.

సాయంత్రం జీవరాజుని వాటా బయట మెట్ల మీద పట్టుకున్నాడు.

"నీకు సుత ఎరుకేనా?"

"బాలమ్మ చెప్పొద్దని కన్నుసైగ జేసింది, నేను ఊకున్న" అన్నాడు జీవరాజు. "నేను గార్డుగ చేసిన, కండ్లార చూసిన. ఇంటికొస్తె మా ఇంటామె రోసమ్మ పేపర్ ముంగటేసేది. నాకెవరూ దాచలే తిరుమల్. జెర దాస్తె బాగుండు అని మస్తుసార్లు అనుకున్న."

తిరుమల్ మెట్ల మీదే కాసేపు కూర్చున్నాడు. జీవరాజు మాట ఆయన కోపాన్ని కొంత తగ్గించింది. ఆయనకి దాచడం వద్దు. కానీ ఇనుప గొంతు కూడా వద్దు.

తెల్లారి ఉప్మా ప్లేటు ముందు పెట్టగానే అడిగాడు. "పేపర్ తే."

"మిషిన్ ఉన్నది గద."

"అది మెయిళ్ళకు. దాని తెలుగు గొంతు తీసి పక్కకు పెట్టిన. పేపర్ నువ్వు చదువు. కని ఏదీ ఇడిసిపెట్టొద్దు."

"తింటవా మరి?"

"తింట."

బాలమ్మ కళ్ళద్దాలు పెట్టుకుంది. మొదటి పేజీ అయింది. సిటీ పేజీ విప్పిన చప్పుడు. నీళ్ళు, రోడ్లు, ఒక దొంగతనం. అక్కడ గొంతు ఆగింది. చాయ్ గుక్క చప్పుడు రాలేదు. తిరుమల్ ముద్ద చేతిలో పట్టుకుని ఎదురుచూశాడు.

ఆమె మెల్లగా చదివింది. ఒక పిల్లవాడు, చెవుల్లో పాటలు పెట్టుకుని, గోడ కంతలోంచి వచ్చి పట్టాలు దాటుతున్నాడు. వెనక నించి వచ్చే బండి వినపడలేదు. పేరు చదివింది, ఊరు చదివింది, తండ్రి పేరు చదివింది. చదివి, "అయిపోయింది" అంది.

తిరుమల్ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నీళ్ళు తాగి దింపాడు. ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. అవతల స్పూను చప్పుడు లేదని గమనించాడు. ఆమె తినడం లేదు, చూస్తోంది. ఎన్నేళ్ళ నించి ఇలా చూస్తోందో ఆయనకిప్పుడు తెలిసింది. మిగిలిన ఉప్మా అంతా తిన్నాడు. ఖాళీ అయిందని ఆమెకి వినపడేలా ప్లేటుని వేలితో గట్టిగా గీకాడు.

"ఇంక జెర ఉన్నదా?"

"ఏంది?"

"ఉప్మా."

బాలమ్మ లేచి వెళ్ళి ఇంకో గరిటె వేసుకొచ్చింది. తర్వాత కూర్చుని, తన స్పూను చేతిలోకి తీసుకుని, పేజీ తిప్పింది.